ఐదు డాలర్లు, ఒక్క బిడ్డ – బాబ్ పియర్స్ గారి జీవితము

మన అధ్యక్ష మండలములోని బోర్డింగు పాఠశాలలలోను, హాస్టళ్లలోను చదువుకొని పైకి వచ్చినవారు ఎందరో ఉన్నారు. ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు, గురువులు అయినవారిలో పెక్కుమందికి చిన్ననాటి జ్ఞాపకము ఒకటి ఉమ్మడిగా ఉంటుంది. ఏడాదికొకసారి వార్డెనుగారు పిల్లలందరికీ తలకు నూనె రాయించి, ఉన్నంతలో మంచి బట్టలు తొడిగించి, ఒక్కొక్కరినీ గోడ ముందు నిలబెట్టి ఫొటో తీయించేవారు. క్రిస్మసుకు చాలా ముందుగానే ఒక ఉత్తరము వ్రాయవలసి వచ్చేది. మనమెన్నడూ చూడని ఊరికి, మన ముఖమెన్నడూ ఎదురుగా చూడని మనిషికి ఆ ఉత్తరము వెళ్లేది. ఆ మనిషిని మనము సపోర్టరు అనేవారము. మన అన్నము, మన పుస్తకములు, మన ఫీజు ఆ మనిషి జేబులోనుండి వచ్చేవి.

ఒక దేశములోని కుటుంబము మరొక దేశములోని ఒక బిడ్డను పేరు పెట్టి పోషించుట అనే ఈ ఏర్పాటు అనేకుల చేతులమీదుగా పెరిగినది. జర్మనీలోని డూయిస్‌బర్గ్ పట్టణములో కొందరు క్రైస్తవులు 1959లో మన దేశపు పిల్లల కొరకే కిండర్‌నోట్‌హిల్ఫే అను సంస్థను స్థాపించారు. దక్షిణ ఇండియా సంఘపు హాస్టళ్లు ఆ చేయూతను బాగా ఎరుగును. అయితే ఈ ఏర్పాటును వేలాది సామాన్య క్రైస్తవ కుటుంబముల భోజనపు బల్లల దగ్గరకు తీసుకొని వెళ్లినవారిలో ముఖ్యులు అమెరికా సువార్తికుడు బాబ్ పియర్స్ గారు. శతాబ్ది సంచికలో ఆయన జీవితమును తలచుకొనుట తగునని మేము భావించాము. అందులో దేవుని స్తుతించవలసినది ఎంత ఉన్నదో, భయముతో నేర్చుకొనవలసినది అంత ఉన్నది. ఒకటి చెప్పి రెండవది దాచుట న్యాయము కాదు గనుక రెండును చెప్పుచున్నాము.

యౌవనము, పిలుపు

రాబర్ట్ విల్లర్డ్ పియర్స్ 1914వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన అమెరికాలోని అయోవా రాష్ట్రములో ఫోర్ట్ డాడ్జ్ అనే పట్టణములో జన్మించారు. తరువాత కుటుంబము కాలిఫోర్నియాకు చేరినది. అక్కడ పాసడెనాలోని నజరీన్ కళాశాలలో చదివారు. 1936లో ఒక సువార్తికుని కుమార్తె అయిన లొరెయిన్ జాన్సన్ గారిని వివాహము చేసుకొన్నారు. వారికి ముగ్గురు కుమార్తెలు. 1940లో బాప్టిస్టు సంఘములో గురుత్వాభిషేకము పొందారు.

రెండవ ప్రపంచ యుద్ధము చివరి సంవత్సరములలో యువజనుల మధ్య పనిచేయుటకు యూత్ ఫర్ క్రైస్ట్ అనే ఉద్యమము అమెరికాలో బయలుదేరినది. బిల్లీ గ్రాహము గారు తొలి రోజులలో పనిచేసినది అందులోనే. పియర్స్ గారు సియాటిల్ పట్టణములో ఆ ఉద్యమమునకు నాయకులయ్యారు. మాటలో వేడి, మనిషిలో తొందర, కన్నీటికి వెనుదీయని స్వభావము గలవారు. పెద్ద పండితుడు కారు. కాని కళ్లతో చూచినదానిని వినేవారి కళ్లకు కట్టునట్లు చెప్పగలవారు. ఆ వరమే తరువాత లక్షలమంది పిల్లలకు అన్నము పెట్టినది.

అమోయ్‌లో జరిగినది

1947లో ఆయన ఉజ్జీవ కూటముల కొరకు చీనా దేశము వెళ్లారు. అప్పటికి ఆ దేశము జపానుతో యుద్ధము ముగిసి, అంతర్యుద్ధములో నలుగుచున్నది. కూటములకు జనము వేలుగా వచ్చారు. ఆ పర్యటనలో దక్షిణ సముద్రతీరమందలి అమోయ్ (నేటి షియామెన్) ప్రాంతములో ఒక మిషను బాలికల పాఠశాలలో మాట్లాడారు. దానిని నడిపించినవారు డచ్ రిఫార్మ్‌డ్ సంఘపు మిషనెరీ టీనా హోల్కెబోర్ గారు. పిల్లలు ఇంటికి వెళ్లి తాము ప్రభువును నమ్మినట్లు తలిదండ్రులకు చెప్పవలెనని పియర్స్ గారు బోధించారు. సువార్తికులందరూ చెప్పే మాటే అది. చెప్పి, మరునాడు మరొక ఊరికి పోవుట కూడ సువార్తికులకు అలవాటే.

కాని వైట్ జేడ్ అనే చిన్నపిల్ల నిజముగానే ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పినది. తండ్రి ఆమెను కొట్టి, ఇంటిలోనుండి వెళ్లగొట్టాడు. వీపుమీద దెబ్బలతో ఏడ్చుచు వచ్చిన ఆ బిడ్డను హోల్కెబోర్ గారు తెచ్చి పియర్స్ గారి చేతులలో పెట్టారు. ఈమె సంగతి ఏమి చేయబోవుచున్నారని అడిగారు. అప్పటికే ఆరుగురు పిల్లలు ఆ మిషనెరీ అమ్మగారి బియ్యములో పాలు పంచుకొనుచున్నారు. ఏడవ కంచమునకు ఆమె వద్ద ఏమియు లేదు.

ఆ ప్రశ్నకు పియర్స్ గారి వద్ద ప్రసంగము లేదు. జేబులో చివరకు మిగిలినది ఐదు డాలర్లు. ఆనాటి లెక్కలో మన రూపాయలు పదహారు, పదిహేడు ఉంటాయి. దానిని ఆమె చేతిలో పెట్టి, అమెరికా వెళ్లిన తరువాత నెలనెలా అంతే పంపుదునని మాట ఇచ్చారు.

ఇందులో ఒక సంగతి గమనింపదగినది. చీనాలో ఆకలిగొన్న పిల్లలు అప్పుడు లక్షలలో ఉన్నారు. ఆ లెక్క పియర్స్ గారికి ముందే తెలియును. లక్షల లెక్క ఆయనను ఆపలేదు, ఒక్క బిడ్డ బరువు ఆపినది. తాను బోధించిన మాటకు వెల ఆ బిడ్డ చెల్లించినదని, ఇక ఆ బిడ్డ తన లెక్కలోనిదేనని ఆయన గ్రహించారు. గురువులమైన మేము కూడ ఈ చోట ఒక క్షణము నిలిచి మమ్మును ప్రశ్నించుకొనవలసియున్నది. మన బోధ విని వెల చెల్లించినవారిని తరువాత ఎందరము వెళ్లి చూచితిమి?

కొరియా యుద్ధము

1949లో చీనాలో ప్రభుత్వము మారినది. కొద్దికాలములోనే విదేశీ మిషనెరీలకు ఆ దేశపు తలుపులు మూతపడినవి. 1950 వసంతకాలములో పియర్స్ గారు కొరియాలో కూటములు జరిపించారు. అక్కడ ఆయనకు తోడైనవారు సియోలులోని యంగ్నాక్ సంఘ కాపరి హన్ క్యుంగ్ చిక్ గారు. ఉత్తర కొరియానుండి తప్పించుకొని వచ్చిన శరణార్థులతో కట్టబడిన సంఘము అది. ఆ కూటములు ముగిసిన కొద్ది వారములకే, జూన్ 25వ తేదీన యుద్ధము ప్రారంభమైనది.

ఆ సంవత్సరము సెప్టెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్ పట్టణములో వరల్డ్ విజన్ అనే సంస్థ రిజిస్టరు అయినది. ఆరంభములో దాని ఆస్తి ఒక చిన్న కార్యాలయము, ఒక సినిమా కెమెరా, ఒక మనిషి నోరు మాత్రమే. పియర్స్ గారు యుద్ధ విలేఖరిగా అనుమతి పొంది కొరియాకు తిరిగి వెళ్లారు. కాలిన ఊళ్లు, శరణార్థుల దారులు, తల్లి శవము ప్రక్కన కూర్చున్న పిల్లలు ఆయన కంటబడ్డారు. ప్రభువునకు దుఃఖము కలిగించు సంగతులలో తన హృదయమునకు కూడ పాలు కావలెనని కోరు ఒక చిన్న ప్రార్థనను ఆయన తన బైబిలులో వ్రాసుకొన్నది ఆ రోజులలోనే.

కెమెరాతో తాను చూచినదానిని సినిమాలుగా తీసి అమెరికా సంఘములలో చూపించారు. 1954 చివర ఆరిగన్ రాష్ట్రములో హారీ హోల్ట్, బెర్తా హోల్ట్ అనే రైతు దంపతులు ఆ సినిమాలు చూచారు. చూచి కొందరు పిల్లలకు సొమ్ము పంపుటతో వారికి తృప్తి కలుగలేదు. అప్పటికే ఆరుగురు బిడ్డలు గల ఆ దంపతులు 1955లో ఎనిమిదిమంది కొరియా పిల్లలను దత్తత తీసుకొన్నారు. చట్టము ఇద్దరినే అనుమతించగా, వారి కొరకు అమెరికా పార్లమెంటు ప్రత్యేక శాసనము చేయవలసి వచ్చినది.

ఒక పేరు, ఒక ఫొటో

1953లో వరల్డ్ విజన్ కొరియాలో పిల్లల పోషణ పథకమును ప్రారంభించినది. బిడ్డను పోషించు కుటుంబము నెలకు పది డాలర్లు ఇచ్చేది. అనాథాశ్రమము ఆ బిడ్డ పేరు, వయస్సు, కథ, ఫొటో పంపేది. ఉత్తరములు తర్జుమా అయి అటునుండి ఇటు, ఇటునుండి అటు నడిచేవి. పోషకులు ఆ ఫొటోను గోడకు అంటించుకొని, భోజనమునకు ముందు తమ పిల్లల పేర్లతో కలిపి ఆ పేరును ప్రార్థనలో ఎత్తేవారు.

ఈ పద్ధతిని మొదట కనిపెట్టినది పియర్స్ గారు కాదు. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత 1919లో ఎగ్లంటైన్ జెబ్ గారు ఇంగ్లాండులో సేవ్ ది చిల్డ్రన్ సంస్థను స్థాపించిన కాలమునుండియు ఇటువంటి ఏర్పాట్లు ఉన్నవి. ప్రెస్బిటీరియన్ బోధకుడు కాల్విట్ క్లార్క్ గారు 1938లో చీనా పిల్లల కొరకు ఒక నిధి నెలకొల్పారు. కొరియాలోనే 1952లో ఎవరెట్ స్వాన్సన్ అనే సువార్తికుడు ఆరంభించిన పని తరువాత కంపాషన్ అనే సంస్థ అయినది. అయినను, సువార్త కూటములకు మాత్రమే కానుక ఇచ్చుట ఎరిగిన సామాన్య విశ్వాసికి ఆకలిగొన్న బిడ్డ కూడ సువార్తలో భాగమేనని చూపించిన ఘనత పియర్స్ గారిది.

ఈ ఏర్పాటులో లోపములు లేకపోలేదు. యుద్ధము ముగిసిన తరువాత ఆశ్రమములలోని పిల్లలందరు అనాథలు కారు. అక్కడ అన్నము, చదువు దొరుకునని బీద తలిదండ్రులే బిడ్డలను తెచ్చి విడిచేవారు. బిడ్డ ఇంటిలో ఉంటే రాని సహాయము ఇల్లు విడిస్తే వచ్చినది. మన హాస్టళ్లలోను ఇట్టిది ఎరుగుదుము. ఒకే తల్లి బిడ్డలలో ఒకరికి సపోర్టరు దొరికి, రెండవవారికి దొరకక, పండుగకు ఒకరికి కొత్త చొక్కా, ఒకరికి పాతది అయిన ఇండ్లు ఉన్నవి. ఇట్టి సంగతులు గ్రహించియే 1970ల నుండి ఆ సంస్థలు బిడ్డను ఇంటనే ఉంచి, ఆ ఊరికి నీరు, బడి, వైద్యము కలిగించు మార్గమునకు మరలినవి. బిడ్డ పేరు, ఫొటో మాత్రము అలాగే నిలిచినవి. ఎందుకనగా ఊరు అనే మాట విని చేయి జేబులోనికి పోదు, పేరు విన్నప్పుడు పోతుంది.

ఇంటిలోని లోటు

ఇక చెప్పుటకు కష్టమైన భాగము. పియర్స్ గారు సంవత్సరములో ఎక్కువ నెలలు ఇంటికి దూరముగా ఉండేవారు. కొరియా, తైవాను, ఇండియా, వియత్నాము అని ఆయన ప్రయాణములకు అంతము లేదు. తాను దేవుని బిడ్డలను చూచుకొనిన, తన బిడ్డలను దేవుడు చూచుకొనునని ఆయన నమ్మారు. వినుటకు ఇది విశ్వాసపు మాటవలె ఉంటుంది. లొరెయిన్ గారు ముగ్గురు పిల్లలతో ఇల్లు నడుపుకొన్నారు. ఆ ఇంటి పిల్లలకు తండ్రి ఎక్కువగా గోడమీది ఫొటోగాను, దూరదేశపు ఉత్తరముగాను ఉండిపోయారు.

ఆయనది ముందు మాట ఇచ్చి, తరువాత డబ్బు వెదకు స్వభావము. అమోయ్‌లో జేబులోని ఐదు డాలర్లతో మొదలైనది అట్లే గదా! కాని సంస్థ పెద్దదైనకొలది పాలకవర్గమునకు లెక్కలు కావలసి వచ్చినవి. ఆయనకు కోపము త్వరగా వచ్చేది. ఒంట్లో అలసట, మనస్సులో కలత పెరిగి చికిత్స అవసరమైనది. చివరకు 1967లో తాను స్థాపించిన సంస్థకే రాజీనామా ఇచ్చారు.

1968లో వీడ్కోలు పర్యటనలో ఆసియాలో ఉండగా, పెద్ద కుమార్తె ఆయనను ఇంటికి రమ్మని టెలిఫోనులో కోరినది. ఆయన రాలేదు, వియత్నాము వెళ్లారు. ఆ కుమార్తె అప్పుడు ఎంత చీకటిలో ఉన్నదో ఆయన తెలిసికొనలేదు. ఆ సంవత్సరమే ఆమె తన ప్రాణము తానే తీసికొన్నది. ఎక్కడో ఉన్న ఎవరి బిడ్డ ఏడ్చినా విని పరుగెత్తిన తండ్రికి తన బిడ్డ పిలుపు వినబడలేదు. ఇంతకంటె మేము వ్యాఖ్యానము చేయజాలము. మనలో పరిచర్య పేరిట ఇంటికి ఆలస్యముగా చేరువారు ఈ సంగతిని మోకాళ్లమీద ఆలోచించుకొనవలెను. ఆలయములో సమూయేలును పెంచిన ఏలీ తన సొంత కుమారుల విషయములో తప్పిపోయిన సంగతి మన బైబిలులోనే ఉన్నది.

చివరి సంవత్సరములు

ఆ దెబ్బ తరువాత పియర్స్ గారు చాలాకాలము స్విట్జర్లాండులో చికిత్సలో ఉన్నారు. 1970లో ఆయన, లొరెయిన్ గారు వేరయ్యారు. అదే సంవత్సరము ఒక చిన్న సంస్థ బాధ్యత తీసుకొని దానిని సమారిటన్స్ పర్స్ అనే పేరుతో నడిపారు. మంచి సమరయుడు సత్రపువానికి ఇచ్చిన రెండు దేనారములను గుర్తుచేయు పేరు అది. ఆయన మొదటి ఐదు డాలర్లను కూడ అది గుర్తుచేయుచున్నది. 1975లో రక్తపు క్యాన్సరు అని తేలినది. ఆ జబ్బుతోనే ప్రయాణములు చేశారు.

1978 సెప్టెంబరు మొదట ఒక సాయంకాలము, చాలా సంవత్సరముల తరువాత, భార్య, మిగిలిన కుమార్తెలు, ఆయన ఒకచోట కూడుకొన్నారు. క్షమించుకొన్నారు. కొద్ది దినములకే, సెప్టెంబరు 6వ తేదీన, తన 63వ యేట ఆయన ప్రభువునందు నిద్రించారు. దేవుడు ఆ ఇంటికి ఆ ఒక్క సాయంకాలమును దయచేసెను. ఆయన రెండవ కుమార్తె తరువాత తండ్రి జీవితమును దాచకుండ, ద్వేషించకుండ ఒక పుస్తకముగా వ్రాశారు. మనము ఇదంతయు ఎరుగుట అందువలననే.

మనకు ఇందులో ఏమున్నది?

కొరియా సంగతి చూడండి. ఒకనాడు అక్కడి పిల్లల ఫొటోలు అమెరికా వంటిండ్ల గోడలమీద ఉండేవి. నలుబదేండ్ల లోపల ఆ దేశము తేరుకొన్నది. 1991 నుండి కొరియా వరల్డ్ విజన్ సహాయము పుచ్చుకొనుట మాని ఇతర దేశముల పిల్లలకు సహాయము పంపసాగినది. అక్కడి బడిపిల్లలు రొట్టె ఆకారపు డబ్బాలలో చిల్లర పోగుచేసి ఇచ్చారు. ఒకప్పుడు చేయి చాచిన సంఘము చేయి తెరచిన సంఘమైనది.

మన దేశములో కాలము మరొక విధముగా మారినది. 2017 మార్చిలో కంపాషన్ సంస్థ, విదేశీ నిధులకు అనుమతి లేక, ఇక్కడి పనిని ముగించినది. అప్పటికి లక్షకు పైగా భారతదేశపు పిల్లలు ఆ సంస్థ పోషణలో ఉండిరి. 2024 జనవరిలో వరల్డ్ విజన్ ఇండియాకు విదేశీ విరాళములు స్వీకరించు రిజిస్ట్రేషను రద్దయినది. దీనిని గూర్చి వాదించుట ఈ వ్యాసపు పని కాదు. హోల్కెబోర్ గారు అడిగిన ప్రశ్న ఇప్పుడు సముద్రము దాటి వెళ్లకుండ మన గుమ్మములోనే నిలిచినది. ఈ బిడ్డ సంగతి ఏమి చేయబోవుచున్నాము?

మనకు ఇది కొత్త పాఠము కాదు. అజరయ్య అయ్యగారు 1903లో తిరునల్వేలి మిషనెరీ సంఘమును, 1905లో నేషనల్ మిషనెరీ సొసైటీని స్థాపించుటలో ముందు నిలిచినప్పుడు, భారతీయుల ధనముతోనే భారతదేశములో పని జరుగవలెనని సంకల్పించారు. తిరునల్వేలి తమిళ సంఘముల కానుకలు తమకు తెలియని భాష గల డోర్నకల్ ప్రాంతమునకు వచ్చినవి. అనగా మనకు మొదటి సపోర్టర్లలో మన దేశపు బీదవారు కూడ ఉన్నారు. మన తల్లులు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము తీసి వేరుగా కుండలో వేసి, ఆదివారము గుడికి తెచ్చిన దినములు మనము మరువలేదు. ఆ పిడికెడులో ఐదు డాలర్ల విలువ ఉన్నది.

శతాబ్ది సందర్భముగా కొత్త కట్టడములు లేచుచున్నవి, రాతి పలకలమీద పేర్లు చెక్కబడుచున్నవి. మంచిదే. దానితోపాటు ప్రతి సంఘము ఒక్క బిడ్డ పేరు వ్రాసుకొనిన ఎంత బాగుండును! తండ్రిలేని పిల్లయో, వలసపోయిన కూలీల బిడ్డయో, ఫీజు కట్టలేక హాస్టలునుండి తిరిగి వచ్చినవాడో, ఎవరైనను ఒకరు. ఆ బిడ్డ ఇంటికి ఎవరో ఒకరు నెలకొకసారి నడిచి వెళ్లవలెను. ఉత్తరము తర్జుమా చేయనక్కర లేదు, అదే భాష. ఫొటో అక్కర లేదు, ముఖము ఎదురుగానే ఉన్నది.

ఆ నడచి వెళ్లేవారు సాయంకాలము తమ ఇంటికి కూడ వేళకు చేరవలెను. దూరపు బిడ్డ పేరు, దగ్గరి బిడ్డ పేరు ఒకే ప్రార్థనలో ఎత్తగల కృపను ప్రభువు మన సంఘములకును, మన కుటుంబములకును దయచేయును గాక.